తిలారు పలికింది

జూలై 14, 2008, సోమవారం

తెలుగులోనే రాసుకుంటున్నాను. ఆఫీసులో అందరూ బెంగాలీలే, ఎవరికీ రాదు, ఇంట్లో అత్తకి చదువు లేదు. తాళం వేసినట్టే.

పొద్దున మేనేజరు సమాద్దార్ బాబు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చేతిలో టీ, నోట్లో బిస్కట్టు.

"బౌది, కొత్త సాఫ్ట్‌వేర్ వస్తోంది. పెంటియం ఫోర్ కంటే పాతవాటి మీద నడవదట. ఏ మిషన్లో ఏ ప్రాసెసర్ ఉందో నాకు మొత్తం కావాలి. ఖిదిర్‌పూర్, షాలిమార్, అన్ని గోడౌన్లూ."

బౌది అంటే వదిన. పక్క బల్ల మిఠూ నాకంటే చిన్నది, ఆమెని అందరూ దీదీ అంటారు. మా ఆయన ఇక్కడే పని చేసేవారు, వాళ్ళకి దయాదా, అంటే దయా అన్నయ్య. నేను ఆయన భార్యని కాబట్టి బౌదిని. ఈ కుర్చీ కూడా ఆ చుట్టరికంతో వచ్చిందే. ఆయన పోయాక కంపెనీ వాళ్ళు పిలిచి ఇచ్చారు. యూనివర్సిటీలో లెక్కల్లో ఎమ్మెస్సీ చేసిన మాట వాళ్ళకి ఆ తరువాత తెలిసింది.

ఒక్కో డబ్బా విప్పి చూడక్కర్లేదు. చిన్న ప్రోగ్రాం రాస్తే నా కుర్చీలోంచే నెట్‌వర్క్ మీద ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలుస్తుంది. నీలో ఏ ప్రాసెసర్ అని అడుగుతుంది. అవి చెప్తాయి. సండే స్కూల్లో హాజరు తీసుకున్నట్టు.

పేర్లు ఆయన పెట్టినవి. హౌరా నుంచి మా వైపు వెళ్ళే లైను మీది స్టేషన్లు, వరుసగా. మేనేజరుది హౌరా. తలుపు బయట సంత్రాగాచి. అకౌంట్స్‌లో ఖరగ్‌పూర్, బాలాసోర్. కటక్ దాకా బెంగాలీలకి తెలుసు. ఆ తరువాత బరంపురం, ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, నౌపడా, తిలారు, ఆముదాలవలస. అవి ఊళ్ళని కూడా వాళ్ళకి తెలీదు. మిఠూది ఇచ్ఛాపురం. దాన్ని సగానికి కోసి 'ఇచ్ఛా' చేసింది. ఇచ్ఛా అంటే వాళ్ళ భాషలో కోరిక. "బౌది, నా ఇచ్ఛా మళ్ళీ హ్యాంగ్ అయింది" అంటుంది రోజూ. మొదట్లో నవ్వు వచ్చేది.

వర్షంలో తడిసి ఇంటికి వచ్చాను. గొడుగు తలుపు వెనకే ఉంది.

జూలై 15

తిలారు పలికింది.

జూలై 16

ఇంకోసారి నడిపాను. పలికింది.

పలకకూడదు. తిలారు షాలిమార్ గూడ్స్ షెడ్డులో ఉండే సర్వర్. లారీల తూకాలన్నీ దానిలో పడేవి. పోయిన ఏడాది జూన్‌లో అది పాడైతే ముక్కలు చేసి తుక్కుకి ఇచ్చేసినట్టు ఆయనే సంతకం పెట్టారు. ఆ సంతకం నేను చూశాను. ద కింద పెద్ద సున్నా చుట్టే సంతకం.

అడిగినదానికి జవాబు కూడా వచ్చింది. ఇంటెల్ పెంటియం త్రీ జియాన్, సర్వర్లలో పెట్టే ప్రాసెసర్. కంపెనీ మొత్తంలో జియాన్ ఉన్నది తిలారుకి ఒక్కదానికే.

ఊరికి వెళ్ళేటప్పుడు తెల్లవారుజామున నన్ను లేపేవారు. "లోయిస్, తిలారు వస్తోంది." ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగదు. పసుపు బోర్డు ఒకటి కిటికీ ముందు గిర్రున తిరిగి వెళ్ళిపోయేది. ఆ ఒక్క క్షణం కోసం నిద్ర పాడు చేసేవారు. అత్త పుట్టిల్లు ఆ దగ్గరే. "చూశావా?" అనేవారు. చూశానని చెప్పేదాన్ని. చాలాసార్లు చూడలేదు.

జూలై 18

సమాద్దార్ బాబు చూశాడు. చూపించకుండా ఉండాల్సింది. అడిగాడు, చూపించాను.

"తిలారు మానే కీ, బౌది? ఏ కంపెనీ మోడల్ ఇది?"

"స్టేషన్ పేరు."

పాత కాగితాలు తీయించాడు. టీ చల్లారిపోయింది, తాగలేదు.

"దయాదా సంతకం పెట్టాడు, ముక్కలు చేశామని. ముక్కలైంది జవాబెలా చెప్తుంది?"

కాగితం నా వైపు తిప్పుకుని చూశాను.

"షాలిమార్‌కి ఫోన్ చేశాను. సర్వర్ ఎప్పుడో పోయింది, ఇక్కడ తెరా కీబోర్డూ తప్ప ఏమీ లేవన్నారు. మరి ఎక్కడుంది? ఎవరో ఎక్కడో పెట్టుకుని నడుపుతున్నారు. నేను దయాదాని ఏమీ అనడం లేదు, నా మీద ఒట్టు. కానీ హెడ్డాఫీసు వాళ్ళకి ఆయన మొహం తెలీదు. వాళ్ళకి సంతకం తెలుసు."

ఆగస్టు ఇరవై రెండున మొత్తం వివరాలు పంపాలి. ఆ లోపల ఇది ఏమిటో తేల్చమన్నాడు. తేలకపోతే తప్పుడు సంతకం అని రాస్తాడు.

ఆగస్టు ఇరవై ఒకటికి ఆయన పోయి ఏడాది.

జూలై 20, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టరుగారు జ్ఞాపకార్థ కూడిక గురించి అడిగారు. ఇంట్లోనే పెట్టుకుంటామన్నాను. అత్త నా పక్కన నిలబడి నేల చూపులు చూసింది.

దారిలో అంది: "సమాదికాడ పార్దన గబగబా ముగించీసేరే పాస్టరుగోరు. నాను మరిసిపోనేదు. ఆల్లకేటో తెలుసు."

"వర్షం అత్తా. అందరూ తడుస్తున్నారని."

"అందరికీ అదే వర్సమా? మన సంగం జోజప్ప పోయినప్పుడూ వర్సమే. గంట సేసేరు."

టికియాపారాలో, లోకల్ రైళ్ళు నిలిపే కార్‌షెడ్డు దగ్గర పట్టాలు అందరూ దాటుతారు. వంతెన ఉన్నా ఎవరూ ఎక్కరు. ఆయన్ని కొట్టింది సాయంత్రం లోకల్, వర్షంలో. పోలీసులు ప్రమాదం అని రాసుకున్నారు. సంఘ పెద్దల్లో ఒకాయన మాత్రం నన్ను పక్కకి పిలిచి, ఏదైనా మనసులో పెట్టుకున్నాడామ్మా అని అడిగాడు. లేదని చెప్పాను. వెంటనే చెప్పాను. అంత వెంటనే ఎందుకు చెప్పానో.

ఆ జూన్‌లో ఒక రోజు అన్నం దగ్గర కూర్చుని "తిలారు పోయింది, లోయిస్" అన్నారు. గోడ వైపు చూస్తూ. మిషన్ గురించి కదా అనుకున్నాను. మిషన్ గురించే కదా.

జూలై 22

పలికింది.

జూలై 23

పలికాడు.

జూలై 25

రాగానే ఒకసారి, వెళ్ళబోయే ముందు ఒకసారి. మిగతా వాటి జాబితా దాదాపు అయిపోయింది, తిలారుని పిలవాల్సిన పని లేదు. పిలుస్తున్నాను. అడిగిన లిప్తలో జవాబు. బతికున్నప్పుడు ఇంత తొందరగా పలికేవాడు కాదు. రెండుసార్లు పిలిస్తే గానీ పేపరు దించేవాడు కాదు.

ఇవాళ మధ్యాహ్నం కరెంటు పోయింది. నా మిషనూ మధ్యలో నెట్‌వర్క్ డబ్బాలూ బ్యాటరీ మీద ఉన్నాయి, మిగతావన్నీ ఆరిపోయాయి. ఖాళీగా ఉండలేక వరుసగా పిలిచాను. హౌరా పలకలేదు. ఖరగ్‌పూర్ పలకలేదు. ఇచ్ఛాపురం పలకలేదు. తిలారు పలికాడు.

అంటే ఈ భవనంలో లేడు.

షాలిమార్ వెళ్ళి నా కళ్ళతో చూడాలి. ఫోనులో చెప్పినదానికేం. రేపు వెళ్తాను.

జూలై 26

వర్షం. వెళ్ళలేదు.

జూలై 28

వెళ్ళలేదు.

జూలై 29

చవక రకం సెలెరాన్ చిప్‌ల వల్ల చిక్కు వచ్చింది. వట్టి 'సెలెరాన్' అని చెప్తే అది పాతదో కొత్తదో తెలీదు. అందుకని ప్రోగ్రాంలో ఇంకో ప్రశ్న చేర్చాను. పేరు వద్దు, నీ అంకెలు చెప్పు అని. ఫ్యామిలీ ఎంత, మోడల్ ఎంత.

ఈ రెండిటికీ తేడా ఇవాళే సరిగ్గా అర్థమైంది. పేరు విండోస్ చెప్పేది, తనకి తెలిసినంతలో. అంకె చిప్ చెప్పేది, తన గురించి తాను.

ఆఫీసులో పెంటియం ఫోర్‌లన్నీ పదిహేనో ఫ్యామిలీ. పెంటియం త్రీలు ఆరో ఫ్యామిలీ. పాత తిలారులో ఉన్న జియాన్ ఆరో ఫ్యామిలీ, పదో మోడల్. కొన్నప్పటి కాగితం మీద ఆయన చేతిరాతతోనే ఉంది.

ఇప్పుడు పలుకుతున్నది ఆరో ఫ్యామిలీయే. మోడల్ పదిహేను.

పెంటియం త్రీలో పదిహేనో మోడల్ లేదు. ఎప్పుడూ లేదు. ఆరో ఫ్యామిలీ పదిహేనో మోడల్ కోర్ టు. మొన్న మొన్న వచ్చిన చిప్. పాత విండోస్‌కి ఆ వంశంలో తెలిసిన ఆఖరి పేరు జియాన్. వెనకాల ఎవరు పుట్టినా ఆ పేరే పెట్టి పిలుస్తుంది. చనిపోయిన తాత పేరుతో మనవణ్ణి పిలిచినట్టు.

ఇంకోసారి చూడాలి. నేను తప్పు చదివి ఉండవచ్చు.

జూలై 30

చూశాను. పదిహేను.

ఆగస్టు 1

సమాద్దార్ బాబు అడిగాడు. ఇంకా చూస్తున్నానన్నాను.

ఎందుకు చెప్పలేదో రాయడానికి ప్రయత్నిస్తాను. అది కొత్త మిషన్ అయితే ఆయన సంతకం నిజం. పాత తిలారు నిజంగానే ముక్కలైంది. ఆయన ఏమీ దాచలేదు, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, పట్టాల మీదికి వెళ్ళడానికి కారణమూ లేదు. నాకు కావలసింది అదే కదా. ఏడాదిగా మోకాళ్ళ మీద అడుగుతున్నది అదే.

కానీ అప్పుడు పలుకుతున్నది ఎవరు? ఎవరూ కాదు.

దొంగ అయితే ఉన్నాడు. నిజాయితీపరుడైతే లేడు. ఇలాంటి మాట రాసే మనిషినని నాకే తెలీదు.

పిలిచాను. పలికాడు.

ఆగస్టు 6

అన్నం వడ్డిస్తూ అత్త ఆగిపోయింది.

"ఏటే లోయిసూ. నా కొడుకు ఆపీసులో దొంగతనం సేసేడంటన్నారట."

"ఎవరన్నారు?"

"బావికాడ. మిసను దాసీసేడట, బయిటపడిపోద్దని రైలు కింద తల పెట్టీసేడట. నీకెప్పుడు తెలుసు? నాకెందుకు సెప్పనేదు?"

"అది నిజం కాదు అత్తా."

"నీకెలా తెలుసు?"

అంకె చూశానని చెప్పలేను. ఆమెకి అంకె అక్కర్లేదు.

"ఎల్లి సూసేవా?" అంది. "సూడకుండా నిజం కాదని సెప్తన్నావా?"

గరిటె గిన్నెలో పడేసి లేచిపోయింది. ఆ తరువాత ఇద్దరం తినలేదు.

ఆగస్టు 8

వెళ్ళాను. బస్సు దిగి షెడ్డు దాకా నడిచేసరికి చీర నీళ్ళు పిండేలా ఉంది.

తూకం గదిలో గురువులు అనే పెద్దాయన ఉన్నాడు. లారీలు కాటా మీదికి ఎక్కుతుంటే తెర మీద అంకె చూసి రాసుకుంటాడు. నా తెలుగు వినగానే లేచి నిలబడ్డాడు.

"ఏటమ్మా, ఈ వర్సంలో వొచ్చీసేవు! గొడుగైనా నేదేటి? కూసో, కూసో. అదిగో ఆ బస్తా మీద కాదు, సిమెంటు, సీరకి అంటుకుపోద్ది. దయారత్నం బాబు ఇంటివోరా? అయ్యో తల్లీ."

తెర వెనక తీగ గోడకి కొట్టిన చెక్కపెట్టె లోకి వెళ్తోంది. పెట్టెకి జల్లెడ తలుపు, చిన్న తాళం.

"దీనిలో ఏముంది?"

"మిసనమ్మా. దుమ్ము కదా. పాతది దుమ్ముకే సచ్చిపోనాది. అందుకే కొత్తదాన్ని పెట్టిలో కూసోబెట్టేం."

"ఆఫీసు నుంచి ఫోన్ చేస్తే ఇక్కడ ఏమీ లేదన్నారట?"

"సర్వరుందా అన్నాడు బాబు. సర్వరు పోయింది కదా, నేదన్నాను. ఇది మన్ది కాదు, కాటా బాగుసేసే కంపెనీవోల్లది. ఆల్లే తెచ్చి పెట్టీసేరు, సంకురాత్రి ఎల్లేక."

జనవరి. ఆయన పోయిన తరువాతి జనవరి.

తాళం తీశాడు. లోపల నల్లటి కొత్త డబ్బా. ముందువైపు చీటీ ఇంకా మెరుస్తోంది. కోర్ టు డుయో. చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. కాసేపు తియ్యలేదు.

"దీనికి తిలారు అని ఎవరు పేరు పెట్టారు?"

గురువులు మొహం వాడిపోయింది.

"తప్పయిపోనాదేటమ్మా? కంపెనీ మనిసి వొచ్చి, పాతదాన్ని గోస్టు సేత్తానన్నాడు. గోస్టేటయ్యా పొద్దుపొద్దున్నే, అన్నాను, బయమేసి. నవ్వేడు. పాతదానిలో ఉన్నదంతా దయారత్నం బాబు ముందే డిస్కులో దాసి పెట్టేరట. కొత్తదానిలో దింపితే అచ్చం పాతదానిలాగే లేత్తాదట. లేసింది. పేరు మార్సీమంటావా అన్నాడు. తెర మీద సూద్దును కదా, మా టేసను!"

"ఇంగ్లీషు చదువుతావా?"

"ఎక్కడి సదువమ్మా. టేసను బోర్డు మీద ఆ అచ్చరాలే కదా. సిన్నప్పటి నుంచీ సూత్తన్నాను. మాది తిలారుకి కోసెడు దూరం. ఇక్కడ ఎన్నేళ్ళు పన్జేసేను, మా ఊరి పేరు ఒక్క గోడ మీదా సూడనేదు. ఉంచీ నాయనా అన్నాను. ఉంచీసేడు."

బయట లారీ హారన్ కొట్టింది. ఆగరా కొడకా అని బెంగాలీలో అరిచి మళ్ళీ నా వైపు తిరిగాడు.

"పాతదాన్ని ఏం చేశారు?"

"దయారత్నం బాబే ముక్కలు సేసేరు. నా కల్ల ముందర, ఆ గుమ్మంలో. లోపలి డిస్కు బయిటోల్ల సేతిలో పడకూడదని సుత్తి తెప్పించి మరీ. అయిపోయేక సెమట తుడుసుకుని, 'గురువులూ, తిలారు పోయింది. మా అమ్మకి సెప్పకు, పుట్టిల్లు పోయిందని ఏడుస్తాది' అన్నారు."

"నవ్వుతూనా?"

"నవ్వుతూనే. ఇంకెలాగ అంటారు?"

నేను గోడని గుర్తు చేసుకున్నాను. అన్నం దగ్గర ఆయన చూసిన గోడ. వెనక నుంచి చూస్తే నవ్వుతున్న మనిషీ గోడ చూస్తున్నట్టే ఉంటాడు. నేను ఎక్కడ కూర్చున్నాను ఆ రోజు? ఎదురుగానా, పక్కనా? గుర్తు రావడం లేదు.

ఆగస్టు 11

సమాద్దార్ బాబుని షాలిమార్ తీసుకెళ్ళాను. చీటీ చూశాడు, గురువులు మాట విన్నాడు, పాత మోడల్ పది, కొత్త మోడల్ పదిహేను అని నా నోట రెండుసార్లు విన్నాడు. జల్లెడ తలుపు తానే మూశాడు.

"అంటే జియాన్ అన్నది అబద్ధం."

"అబద్ధం కాదు. దానికి అంతవరకే తెలుసు."

తిరిగి వస్తూ టాక్సీలో హుగ్లీ నది వైపు చూశాడు. "నేను రాసేసేవాణ్ణి, లోయిస్‌ది" అన్నాడు చివరికి. "ఇంగ్లీషులో వాక్యం కూడా తయారుగా ఉంది."

లోయిస్‌ది. లోయిస్ దీదీ. ఎప్పటి నుంచో అలా పిలవాలని ఉండేది. పిలిస్తే ఒంటరిగా అనిపించింది.

దిగే ముందు ఇంకో మాట. తుక్కులో ఒక తిలారు, జాబితాలో ఒక తిలారు ఉంటే హెడ్డాఫీసు మళ్ళీ అడుగుతుంది. "కాటా కంపెనీకి నేను చెప్పాను, నువ్వే పేరు మార్చెయ్యి" అన్నాడు.

మార్చడం నా కుర్చీలోంచే అవుతుంది. ఒక్క నిమిషం పని.

ఆగస్టు 13

మార్చలేదు. పిలిచాను. పలికింది.

ఆగస్టు 14

పలికింది.

ఆగస్టు 19, మంగళవారం

రేపు బంద్. ఎల్లుండి నేను సెలవు. మార్చాల్సింది ఇవాళే.

గురువులుకి ఫోన్ చేసి చెప్పాను. చెప్పకుండా తీసెయ్యడం బాగోదనిపించింది.

"మరేం పేరెడతావమ్మా?"

మా ఆయన పెట్టిన వరుస ఆముదాలవలసతో ఆగిపోయింది. ఆ లైను మీద ఇంకా ముందుకి పోతే పొందూరు.

"పొందూరా. సర్లే, అదీ మన్దే. కాపోతే అక్కడ పాసింజర్లు బాగానే ఆగుతాయి" అన్నాడు, నన్ను ఓదార్చినట్టు.

మార్చాను. ఆ మిషన్ ఆగి మళ్ళీ లేచేదాకా తెర వైపు చూడలేదు. మిఠూ "నీ ఇచ్ఛా ఏమైంది దీదీ, అలా కూర్చున్నావు" అంది.

తిలారుని పిలవలేదు. సంచీ తీసుకుని వచ్చేశాను.

ఆగస్టు 20

బంద్. బస్సుల్లేవు, బండ్లు లేవు. కార్‌షెడ్డు వైపు నుంచి ఒక్క చప్పుడు లేదు. ఈ ఇంట్లో ఇంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. అత్తా నేనూ బియ్యం ఏరుకున్నాం. షాలిమార్‌లో చూసింది ముందే చెప్పాను, మళ్ళీ చెప్పమంది. సుత్తి దగ్గరికి రాగానే, "పుట్టిల్లు పోయిందని ఏడుస్తాదన్నాడా? ఎదవ" అంది. ఆ మాట కోసమే మళ్ళీ చెప్పించుకుంటోంది.

ఆగస్టు 21, గురువారం

కూడిక జరిగింది. సమాద్దార్ బాబు వచ్చాడు, తెలుగు ప్రార్థనంతా తల వంచుకుని కూర్చున్నాడు. సంఘ పెద్దల ముందు లేచి, దయాదా సంతకం పెట్టిన ప్రతి కాగితం నిజం అని బెంగాలీలో చెప్పాడు. పాస్టరుగారు ఆ మాటని తెలుగులో చెప్పి, తరువాత ప్రార్థన చేశారు. కుదించలేదు.

అందరూ వెళ్ళాక అత్త గుమ్మంలో కూర్చుంది.

"దొంగ కాడు."

"కాదు."

"సిగ్గుపడీ పని సెయ్యనేదు."

"లేదు అత్తా."

"మరెందుకే, ఆ బండి రావడం సూడనేదు?"

తలుపు వెనక నుంచి గొడుగు తీశాను. ఆ సాయంత్రం ఆయన చేతిలో ఉన్నది. పోలీసులు ఇచ్చాక ఎవరూ ముట్టుకోలేదు. తెరవబోతే సగమే తెరుచుకుంది. ఒక పక్క ఊచలన్నీ లోపలికి విరిగి ఉన్నాయి, రెండో పక్క చెక్కుచెదరలేదు.

"జల్లు ఇటు నుంచి కొట్టింది" అన్నాను. ఆ పక్కకి వంచి పట్టుకుని చూపించాను. "గొడుగు ఇలా పట్టుకున్నారు. బండి కూడా ఇటు నుంచే."

అత్త నా వెనకాల నిలబడి ఆ గుడ్డలోంచి చూసింది. నల్లటి గుడ్డ. అవతల ఏమీ కనబడదు.

"అంతేనా?" అంది.

"అంతే."

అంతే అయి ఉండాలి. అంతే. కారణం ఉన్న చావైతే ఎవరి మీదో ఒకరి మీద కోపం తెచ్చుకోవచ్చు. వర్షం మీద ఏం కోపం. ఆమె ఏడ్చింది. ఏడాదిలో మొదటిసారి తేలిగ్గా ఏడ్చింది. నేను గొడుగు మూయలేక అలాగే పట్టుకుని నిలబడ్డాను.

ఆగస్టు 22

వివరాలు హెడ్డాఫీసుకి వెళ్ళాయి. షాలిమార్, పొందూరు, కోర్ టు డుయో. కింద సంతకం నాది.

పొద్దున వస్తూ టికియాపారా దగ్గర వంతెన ఎక్కాను. పైన నిలబడితే పట్టాలు రెండు వైపులా చాలా దూరం కనిపిస్తాయి. వానలో కూడా.

వెళ్ళబోయే ముందు పొందూరుని పిలిచాను. పలికింది.

తిలారుని పిలిచాను. జవాబు రాలేదు. ప్రోగ్రాం తన పద్ధతి ప్రకారం మళ్ళీ పిలిచింది, మళ్ళీ పిలిచింది, మానేసింది.

నేను ఇంకొక్కసారి పిలిచాను.

అక్కడ బండి ఆగదు. కానీ ఈసారి మెలకువగా ఉన్నాను. చూశాను.